ఉప్పుగాలిలో లాడం కమాను

గత సంచికలో ఫ్లోరిడా రాష్ట్రం సెయింట్ అగస్టీన్‌లో, స్పెయిన్‌లోని అల్‌హాంబ్రా కోటని అనుకరించి కట్టిన విల్లా జొరైదా అనే ఇంటి ఫొటో వేశాక ఉత్తరాలు బాగానే వచ్చాయి. చూసొచ్చినవాళ్లు కొందరు, అలాంటి లాడం కమాను తమ వరండాకి పెట్టించుకోవాలనుకునేవాళ్లు కొందరు. ఇప్పటికే పెట్టించుకుని, రాలిన పెచ్చులు ఏరుకుంటున్నవాళ్లు ఇంకొందరు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: విల్లా జొరైదా గోడలు కాంక్రీటువని చెప్పారు. 1883లో కాంక్రీటు ఇల్లేమిటి? దగ్గరగా చూస్తే గోడలో గవ్వల ముక్కలు కనిపించాయి. అల్‌హాంబ్రాకి ఇది పదో వంతు అన్నారు, ఆ లెక్కా అర్థం కాలేదు.
— జాక్సన్‌విల్ నుంచి ఒక పాఠకురాలు

మీరు చూసినవి గవ్వ ముక్కలే. ఆ ఊరి ఎదుట ఉన్న అనస్తేసియా దీవిలో కొకీనా అనే రాయి దొరుకుతుంది. వేలిగోరంత చిప్పలు కోట్లకొద్దీ పేరుకుని, వాటి సున్నంతోనే అతుక్కుపోయి రాయైనదన్నమాట. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా, రంపానికి తెగేలా ఉంటుంది. గాలికి ఆరాక గట్టిపడుతుంది. స్పానిష్‌వాళ్లు 1672లో మొదలుపెట్టిన కస్తీయో దె సాన్ మార్కోస్ కోట ఈ రాతిదే. 1702 ముట్టడిలో ఫిరంగి గుండ్లు తగిలినా గోడ పగలకుండా వాటిని తనలోకి దిగనిచ్చింది.

బోస్టన్ వ్యాపారి ఫ్రాంక్లిన్ స్మిత్ చలికాలపు విడిది కోసం ఇక్కడ ఇల్లు కట్టాలనుకున్నప్పుడు ఆ రాయిని దిమ్మెలుగా పేర్చలేదు. నలగ్గొట్టి కంకరగా వాడి, పోర్ట్‌లాండ్ సిమెంటుతో కలిపి, చెక్క పలకల మధ్య పొర మీద పొర పోయించాడు. కింది పొర గట్టిపడ్డాక పలకలు పైకి జరపడం, మళ్లీ పోయడం, అంతే పని. మన కోస్తా పల్లెల్లో మట్టిగోడ పెట్టేటప్పుడు ఒక వరస ఆరాకే రెండో వరస వేసేవాళ్లు చూడండి, తీరు అదే. తమాషా ఏమిటంటే గ్రనడాలోని అసలు అల్‌హాంబ్రా కోటగోడలు కూడా పలకల మధ్య మట్టీ సున్నమూ దిమ్మిసా కొట్టి, ఇలా పొరలుగా లేపినవే. స్మిత్ అలంకారాన్ని అనుకరించాడనే అందరూ చెబుతారు. గోడ లేపే తీరులోనూ ఆ పోలిక ఉందని ఎవరూ చెప్పరు.

ఈ పద్ధతిలో బలహీనమైన చోటు పొరకీ పొరకీ మధ్య అతుకు. కింది పొర మీద దుమ్మో, తేలిన సిమెంటు పాలో మిగిలిపోతే కొత్త కాంక్రీటు దానికి పట్టదు. వాన గోడ మీద జారుతూ ఆ గీత దగ్గర లోపలికి పోతుంది. పాత కాంక్రీటు గోడల్లో చెమ్మ మరకలు అడ్డంగా, సమాన దూరాల్లో కనబడితే అవి పొరల అతుకులేనని గుర్తుపట్టండి.

ఇక 1883 సంగతి. ఇప్పటిలా కాంక్రీటులో కడ్డీ వేసే పద్ధతి అప్పటికి పాకుడు దశలో ఉంది. మెలితిప్పిన ఇనుప కడ్డీకి అమెరికాలో ఎర్నెస్ట్ రాన్సమ్ పేటెంటు పొందినది 1884లో. కాంక్రీటు గోడ మాత్రం నిప్పుకి చెడదు, రాతిపని కంటే చవక, చేయడమూ తేలిక. రైళ్లు, హోటళ్ల వ్యాపారి హెన్రీ ఫ్లాగ్లర్ ఆ ఊళ్లోనే 1888లో తెరిచిన పోన్స్ దె లియోన్ హోటల్ కూడా కొకీనా కాంక్రీటుదే. అది ఇప్పుడు ఫ్లాగ్లర్ కాలేజీ.

పదో వంతు అంటే గదులు బొమ్మరిల్లంత ఉంటాయని కాదు, అల్‌హాంబ్రా అంతటికీ నమూనా అనీ కాదు. ఆ కోటలోని ఒక భాగాన్ని తగ్గించి చేసుకున్న అనుకరణ. అల్‌హాంబ్రాలోని సింహాల ముంగిలి అసలుది ఆరుబయలు. 124 స్తంభాలు, నడుమ 12 సింహాలు మోసే ఫౌంటెన్. జొరైదాలో దాన్ని తలపించే కమానుల హాలు ఇప్పుడు పైకప్పు కింద ఉంది. ఈ తేడాని మనసులో ఉంచుకోండి, కింద విశాఖ ప్రశ్నకి జవాబు దాంట్లోనే ఉంది.

ప్రశ్న: జొరైదాది మూరిష్ పద్ధతి అంటారు. మూరిష్ అంటే ఏమిటి? మన హైదరాబాదు గుమ్మటాలకీ దీనికీ తేడా ఉందా?
— కాకినాడ

స్పెయిన్ దక్షిణాన, మొరాకోలో ముస్లిం రాజుల కాలంలో పెరిగిన కట్టడాల పద్ధతి అది. లాడం ఆకారపు కమాను, సన్నని స్తంభాలు, తేనెపట్టులా వేలాడే గార, గోడ కింది సగం రంగు పలకలు దాని గుర్తులు. 19వ శతాబ్దంలో యూరపు, అమెరికాల ధనవంతులు దాన్ని మళ్లీ తెచ్చుకున్నారు. ఓవెన్ జోన్స్ 1842 నుంచి 1845 మధ్య అచ్చేసిన అల్‌హాంబ్రా కొలతల బొమ్మలు అందుకు చాలా తోడ్పడ్డాయి. కుతుబ్ షాహీ, మొఘల్ కమాను కొన దేరి ఉంటుంది. మూరిష్‌ది గుండ్రంగా వచ్చి కింద లోపలికి ముడుచుకుంటుంది. రెంటి తేడా కళ్లారా చూడాలంటే బేగంపేటలోని స్పానిష్ మసీదుకి వెళ్లండి. పైగా నవాబు వికార్ ఉల్ ఉమ్రా స్పెయిన్ చూసొచ్చాక తలపెట్టినది అది. చార్మినార్ చూసిన రోజే అదీ చూస్తే విడిగా వివరించక్కర్లేదు.

ప్రశ్న: సముద్రం వైపు వరండాకి 3 అడుగుల వెడల్పున లాడం కమానులు మూడు కావాలి. మేస్త్రి సగం వృత్తం గీసి ‘ఇదే అది’ అంటున్నాడు. కొలతలు చెప్పగలరా?
— భీమిలి

సగం వృత్తం అది కాదు. స్పెయిన్‌లోని కార్డోవా నగరపు పద్ధతిలో వృత్తం కేంద్రం దగ్గర ఆగదు, వ్యాసార్ధంలో సగం మేర కిందికి దిగుతుంది. ముస్లిం రాజులకు ముందు స్పెయిన్‌ని ఏలిన విసిగోత్‌ల పద్ధతిలో మూడో వంతే దిగేది. సగం దిగే లెక్క ఇది: కింద ఇరుకు చోట ఉండాల్సిన వెడల్పుని 1.73తో భాగిస్తే వ్యాసార్ధం వస్తుంది. మీ 36 అంగుళాలకి దాదాపు 21 అంగుళాలు. కమాను మొదలయ్యే చోటి నుంచి పదిన్నర అంగుళాలు పైన కేంద్రం. అక్కడ వెడల్పు 42 అంగుళాలు అవుతుంది. కమాను మొత్తం ఎత్తు 31 అంగుళాలు.

మేస్త్రిని ఫ్లోరు మీద సుద్దతో గీయమనండి. 36 అంగుళాల గీత, దాని మధ్య నుంచి పదిన్నర అంగుళాలు పైన ఒక మేకు, మేకుకి 21 అంగుళాల పురికొస. పురికొస తిప్పితే వృత్తం ఆ గీత రెండు చివరలనీ తాకుతూ పోవాలి. తాకకపోతే మేకు చోటు తప్పు.

ఇప్పుడు ఎత్తు. మామూలు గుమ్మంలా 7 అడుగులకి కమాను తల పెడితే ఇరుకు చోటు 4 అడుగుల 5 అంగుళాల దగ్గర, అంటే ఛాతీ దగ్గర పడుతుంది. నడిచేటప్పుడు భుజాలు రాసుకుంటాయి, చూపుకి పొట్టిగా, ఉబ్బినట్టు ఉంటుంది. తల 9 అడుగుల దగ్గర ఉంటే ఇరుకు చోటు 6 అడుగుల 5 అంగుళాలకి వెళ్తుంది. అంత ఎత్తు లేని వరండాకి ఈ కమాను వద్దనే మా సలహా. అందులోనూ పట్టుబడితే మూడో వంతు దిగే పద్ధతి పెట్టుకోండి, అది కాస్త నయం.

గోడ అంచుని 36 అంగుళాలకే కట్టించండి, 42కి కాదు. 36 దగ్గర కడితే ముడుచుకున్న కొన గోడ మీదే కూర్చుంటుంది. 42 దగ్గర కడితే ఆ కొన కింద ఆధారం లేక గాల్లో వేలాడుతుంది. చాలాచోట్ల మొదట రాలేది అదే. ఆ మలుపు దగ్గర రెండున్నర అంగుళాల మందం రాతి పట్టీ ఒకటి వేస్తే సామాన్లు తగిలి అంచు పగలకుండా ఉంటుంది.

సెంట్రింగ్ విషయంలో మాత్రం ముందే మాట్లాడుకోండి. మామూలు కమానుకి కింది ముట్లు తీసేస్తే సెంట్రింగు చెక్క నేరుగా కిందికి దిగుతుంది. ఇక్కడ చెక్క 42 అంగుళాలు, దిగాల్సిన సందు 36. ఇరుక్కుపోతుంది, సుత్తితో కొడితే పచ్చి కమాను చీలుతుంది. అందుకే దాన్ని రెండు ముక్కలుగా చేసి, మధ్యలో 8 అంగుళాల పట్టీ విడిగా పెట్టాలి. పట్టీ ముందు లాగేస్తే రెండు ముక్కలూ మధ్యకి జరిగి బయటికొస్తాయి.

బరువు కమాను మీద వేయకుండా పైన ఆర్‌సీసీ లింటెల్ వేసి, కమానుని కింద అలంకారంగా ఉంచడం తేలికైన దారి. అల్‌హాంబ్రా సింహాల ముంగిలిలోనూ బరువు మోసేది పైన దాగిన కొయ్య దూలాలే, కమానుల్లో కనిపించేదంతా గారపని. లింటెల్ కడ్డీ మీద కాంక్రీటు మందం లోపలి ఊళ్లలోలా 20 మిల్లీమీటర్లు చాలదు. సముద్రతీరానికి కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది 45 మిల్లీమీటర్లు, ఎం30 బలం తరగతి కాంక్రీటు. కెరటాల తుంపర నేరుగా పడే చోటైతే 50, ఎం35.

తలుపు కూడా పెట్టాలనుకుంటే దాన్ని లాడం ఆకారంలో కోయించకండి. ఎక్కడ బందులు పెట్టినా తెరుచుకోదు. కమాను వెనక నలుచదరపు దర్వాజా నిలబెట్టడమే పద్ధతి.

ప్రశ్న: విశాఖలో మాది బీచ్‌కి దగ్గర ఇల్లు. వరండా బయటి వైపు అల్‌హాంబ్రా నమూనా జాలీ పలకలు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్)తో పోయించాం. రెండు వానాకాలాలకే అంచులు కరిగి, లోపల తీగ తుప్పు మరక బయటికొచ్చింది. సిమెంటుతో పూడ్చి రంగేస్తే సరిపోతుందని పనివాళ్లు అంటున్నారు.
— విశాఖపట్నం

పూడ్చవద్దు. ముందు కరగడం ఎందుకో చూద్దాం.

పీఓపీ అంటే జిప్సం రాయిని 150 డిగ్రీల దగ్గర కాల్చి పొడి చేసినది. నీళ్లు కలపగానే మళ్లీ జిప్సం అయి గట్టిపడుతుంది. ఆ జిప్సం లీటరు మంచినీటిలో రెండున్నర గ్రాముల దాకా కరుగుతుంది. కొంచెమే అనిపిస్తుంది. మీ ఊళ్లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు పైన వాన; అంటే చదరపు మీటరు మీద వెయ్యి లీటర్లు. వాన జారిపోయేటప్పుడు పూర్తిగా కరిగించే తీరిక ఉండదు కాబట్టి అంత పోదు. కానీ నీటిచుక్క ఆగేది ఎక్కడ? జాలీ రంధ్రం కింది అంచున. అందుకే మధ్య భాగం బాగానే ఉండి, అంచులు నాకేసిన చాక్లెట్‌లా గుండ్రమయ్యాయి.

తీగ సంగతి వేరు. సిమెంటులో క్షారం ఉంటుంది, అది ఇనుముని కాపాడుతుంది. జిప్సంలో ఆ గుణం లేదు. తడి, దానిమీద ఉప్పు కలిస్తే తీగ నెలల్లో తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే రెండింతలకు మించి చోటు తీసుకుంటుంది కాబట్టి పలక లోపలి నుంచి చీలుతుంది. పీఓపీలో బలానికి కొబ్బరి పీచు వేసే పాత అలవాటే మంచిది.

సిమెంటు ఎందుకు వద్దంటే, తడి జిప్సంలోని సల్ఫేటు సిమెంటులోని అల్యూమినేట్‌తో కలిసి ఎట్రింజైట్ అనే సూది పలుకులు కడుతుంది. అవి ఉబ్బుతాయి. కొన్నాళ్లు అంతా కుదిరినట్టే ఉండి, తర్వాత అతుకు దగ్గర పాలపొంగులా లేచి ఊడుతుంది. దాని మీద నీరు పోని రంగు వేస్తే చెమ్మ లోపలే బందీ అయి పని ఇంకా తొందరగా ముగుస్తుంది.

మరి అల్‌హాంబ్రా గార ఆరేడు వందల ఏళ్లు ఎలా నిలిచిందని అడగొచ్చు. గ్రనడాలో ఏడాది వాన సగటున 400 మిల్లీమీటర్లకి అటూఇటూ, సముద్రం దగ్గర్లో లేదు. అయినా ముంగిలి చుట్టూ కొయ్య చూర్లు బారెడు ముందుకి చాచి ఉంటాయి, గార వాటి నీడలో దాక్కుంటుంది. జొరైదాలోనూ అంతే: వానకీ గాలికీ కాంక్రీటు ముఖం, సున్నితమైన జాలీపని లోపల. ఫొటోలో లోపలి గోడని చూసి బయటి వరండాకి పోయించుకోవడం దగ్గరే మీ పని తేడా కొట్టింది.

ఇప్పుడు చేయాల్సింది: ఆ పలకలు దింపేయండి. మంచివి మిగిలితే హాల్లోకి మార్చండి, అక్కడ ఎన్నేళ్లైనా ఉంటాయి. బయటికి రెండే దారులు. ఒకటి జీఆర్‌సీ జాలీ. క్షారానికి తట్టుకునే గాజుపీచు వేసిన సిమెంటు పలక అది. లోపల ఇనుము ఉండదు. బిగించే బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి. 304 రకానికి సముద్రగాలిలో టీ మరకల్లాంటి తుప్పు పడుతుంది. జీఐవి, అంటే జింకు పూత ఇనుపవి, అసలొద్దు.

రెండోది మన గార. నానబెట్టిన సున్నపు ముద్ద ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లతో కింది పొరలు. పై పొరకి సున్నం ఒకటి, చలువరాతి పొడి ఒకటి నుంచి ఒకటిన్నర. ఏ పొరా 10 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బీటలిస్తుంది. చెక్కడానికి అదను: గోరు గుచ్చితే గుర్తు పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. ఎండాకాలంలో ఆ అదను కొద్ది గంటలే. అందుకని ఒక రోజు చెక్కగలిగినంతే ఒక రోజు పూయాలి. వారం పాటు తడిగోనె కప్పి ఆరనివ్వాలి. ఇంత చేసినా పైన అడుగున్నర చూరు లేకపోతే మేం భరోసా ఇవ్వం.

ప్రశ్న: బందరులో మా తాతల నాటి సున్నపు బంగళా. కమానుల వరండా గోడలు మూడడుగుల దాకా పొడిలా రాలుతున్నాయి. మూడేళ్ల కింద సిమెంటు పూత, వాటర్‌ప్రూఫ్ రంగు వేయించాం. ఇప్పుడు నాలుగున్నర అడుగుల దాకా పాకింది.
— మచిలీపట్నం

పాకించినది ఆ పూతే. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కి, ఎక్కడ ఆరగలిగితే అక్కడ ఉప్పుని వదిలిపెడుతుంది. మూడడుగుల దాకా దాన్ని మూసేశారు కాబట్టి ఇంకొంచెం పైకెళ్లి ఆరింది.

వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో చెమ్మగిల్లి, ఎండలు రాగానే గడ్డకట్టడం చూస్తుంటారుగా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరవుతుంది, తగ్గితే పలుకు కడుతుంది. సముద్రపు ఊళ్లో ఈ గీత ఒక్క రోజులోనే దాటి వెనక్కి రావచ్చు. పలుకు కట్టిన ప్రతిసారీ గార రంధ్రాల్లో గూటం కొట్టినట్టే. పైపైన తెల్లగా బూజులా కనిపించే ఉప్పు పెద్ద ప్రమాదం కాదు, చీపురుతో పోతుంది. పూత వెనక పలుకు కట్టేదే గోడని తింటుంది.

వరస ఇది. సిమెంటు పూత మొత్తం, రాలుతున్న చోటికి రెండడుగుల పైదాకా కొట్టించండి. సందుల్లో సున్నం అంగుళం లోతు గీకించండి. పొడి కిటికీ గట్టున ఉంచకుండా రోజూ బయట పారబోయాలి, అదంతా ఉప్పే. బయట నేల మట్టం లోపలి గచ్చు కంటే కనీసం 6 అంగుళాలు కిందికి తగ్గించండి. గోడని ఆనుకుని పూలమళ్లుంటే తీసేయండి. వేసవంతా గోడని అలా నగ్నంగా వదిలేయాలి. చూడ్డానికి బాగుండదు, అయినా తప్పదు.

ఉప్పు లాగడానికి కాగితపు గుజ్జు పట్టీ వాడతారు. అచ్చు లేని కాగితం నానబెట్టి రుబ్బి, కడిగిన సన్న ఇసుక కలిపి, వేలు మందాన గోడకి పట్టించాలి. పూర్తిగా ఆరాక, అంటే రెండు మూడు వారాలకి, అదే పెచ్చుగా ఊడొస్తుంది. ఇలా రెండు మూడు సార్లు. పని జరుగుతోందా లేదా అని నీటిలో కరిగిన లవణాలు కొలిచే, ఇంట్లో ఉండే టీడీఎస్ మీటరుతోనే చూసుకోవచ్చు: 10 గ్రాముల గోడ పొడిని 100 మిల్లీలీటర్ల ఆర్ఓ నీటిలో కలిపి, గంట తేరనిచ్చి కొలవండి. సున్నం కూడా కొంత అంకె చూపిస్తుంది కాబట్టి ఎనిమిదడుగుల ఎత్తున పొడిగా ఉన్న చోటు పొడిని కూడా అలాగే కొలిచి పోల్చాలి. కింది అంకె పైదానికి దగ్గరగా వచ్చేదాకా పట్టీలు ఆపొద్దు.

తర్వాత సున్నం ఒకటి, ఇసుక మూడు కలిపిన పూత, రెండు పొరలుగా. ఆ పైన పల్చటి వెల్ల నాలుగైదు సార్లు. ఎమల్షన్ వద్దు, పుట్టీ వద్దు. కొన్నేళ్లకి ఈ పూతా రాలుతుంది. రాలాలి కూడా. గోడ బదులు అది పోతుంది, మళ్లీ పూస్తాం. మీ ఊళ్లో గుల్ల సున్నం ఇంకా దొరికితే అదే తీసుకోండి. మద్రాసు చునాం అని పేరుపడ్డ అద్దంలాంటి పూత గుల్ల సున్నంతోనే వచ్చేది. ఇసుక మాత్రం బీచ్‌ది వాడకండి, ఎంత కడిగామన్నా సరే.

ప్రశ్న: సముద్రతీరాన ఇలాంటి భవనాలు ఇంకేమున్నాయి?
— డాలస్

నల్లసముద్రం ఒడ్డున క్రిమియాలోని కోరేయిజ్‌లో దుల్బెర్ అనే రాజభవనం ఉంది. వాస్తుశిల్పి నికొలాయ్ క్రాస్నోవ్ 1895–97లో రష్యా రాజకుటుంబీకుడు ప్యోతర్ నికొలాయెవిచ్ కోసం కట్టాడు. తెల్లని గోడలు, నీలి పట్టీలు, వెండిరంగు గుమ్మటాలు. 1918లో రాజకుటుంబంలో కొందరిని అందులోనే నిర్బంధించారు. మీ దేశంలోనే కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో సర్కస్ యజమాని బార్నమ్ 1848లో ఇరానిస్తాన్ అనే గుమ్మటాల మేడ కట్టుకున్నాడు. 1857 డిసెంబరులో కాలిపోయింది, వెతుక్కుంటూ వెళ్లకండి.

ప్రశ్న: జొరైదా గుమ్మం మీద రాత ఏమిటి? అలాంటిది మా ఇంటికి గారలో చేయించాలని ఉంది.
— విజయవాడ

‘వ లా గాలిబ ఇల్లల్లాహ్’. దేవుడు తప్ప విజేత లేడని అర్థం. గ్రనడాని ఏలిన నస్రిద్ వంశపు రాజుల నినాదం. అల్‌హాంబ్రా గోడల మీద లెక్కలేనన్ని సార్లు కనిపిస్తుంది. ఇంటి పేరు మాత్రం వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన అల్‌హాంబ్రా కథలోని ముగ్గురు రాకుమార్తెల్లో ఒకరిది.

చేయించే ముందు రెండు జాగ్రత్తలు. ఇంటర్నెట్ ఫొటోల్లో కొన్ని తిరగబడి ఉంటాయి. అరబీ చదవగలిగినవాళ్లకి చూపించండి. ఇక అచ్చు పోసేటట్టయితే, అచ్చులో అక్షరాలు ఎడమ నుంచి కుడికి తిరగేసి, లోతుగా ఉండాలి. పనివాడు చెక్కిన అచ్చుని అద్దంలో చూసి, అద్దంలో సరిగ్గా కనబడితేనే పోయమనండి.